మేడ మీది ఓపీ

మార్చి వరకూ నేను పిల్లల డాక్టరు దగ్గర పిల్లనే.
సిక్కోలు పెద్దాసుపత్రిలో కింది గది,
గోడ మీద రంగు చేపలు.
ఒక చేపకి తోక దగ్గర పెచ్చు ఊడి
పదకొండేళ్ళుగా అలాగే ఈదుతోంది.
ఏప్రిల్లో చీటీల కిటికీ కాడ కుర్రాడు
నా పుట్టిన తేదీ మీద వేలు పెట్టి
"పద్దెనిమిది దాటిపోనాది గదమ్మా,
ఇక్కడ కాదు, మేడ మీద" అన్నాడు.

మేడకి ముప్పై నాలుగు మెట్లు.
లిఫ్టు తలుపుకి అట్టముక్క కట్టి ఉంది.
నా ఎడమ కాలు ఒక్కో మెట్టునీ ముందు అడిగి
తర్వాతే ఎక్కుతుంది.
వెనక మా అమ్మ దాలమ్మ,
చంకలో నీలం ఫైలు.
మొదటి ఫిట్సు వచ్చిన రాత్రి నుంచీ
ప్రతి కాగితం, ప్రతి మాత్ర రేకు కత్తిరించిన ముక్క.
అమ్మకి చదువు రాదు,
ఏ కాగితం ఏదో మడత చూసి చెప్పేస్తుంది.

ఆ నెలే భవిత కేంద్రం కూడా అయిపోయింది.
హేమసుందర్ మాస్టారు వారానికి రెండు రోజులు
నా వేళ్ళకి బంకమట్టి ఇచ్చి పిసకమనేవారు.
"ఇక మీద నువ్వే పిసుక్కోవాల" అని
ముద్దని కవర్లో పెట్టి ఇచ్చారు.
వారంలో ఎండిపోయింది.

తర్వాతేటి అన్నది ఎవరూ రాసివ్వలేదు.
శాతం మాత్రం రాసిచ్చారు: అరవై రెండు.
మిగిలిన ముప్పై ఎనిమిదీ
ఎక్కడుందో వెతుక్కునే పని నాది.

పలాసలో జీడిపప్పు కార్ఖానా.
గవరయ్య మేస్త్రి నా సర్టిఫికెట్టు చూశాడు, చెయ్యి చూశాడు,
"ఢిల్లేశ్వరా! ఢిల్లీ నుంచొచ్చినావేటి" అని నవ్వాడు.
నవ్వినోడే పీట తీసేయించి
వీపు ఆనే కుర్చీ వేయించాడు.
మనుషుల్ని గ్రేడు కట్టడం కష్టం.

పప్పుకైతే సులువు.
గుండు ఇటు, బద్ద అటు, ముక్క కింద డబ్బాలో.
అందరూ రెండు చేతులతో ఏరతారు.
నా ఎడమ చెయ్యి పళ్ళెం అంచు మీద
రాయిలా కూచుంటుంది, పళ్ళెం కదలకుండా.
పుట్టాక దానికి దొరికిన మొదటి ఉద్యోగం.
కిలోలు తక్కువే నావి.
పక్క బల్ల సరోజిని తన లెక్కలోంచి కలుపుతానంటుంది.
వద్దంటాను.
కొన్ని రోజులు వద్దనను.

"పని దొరికిందని పింఛను తీసెత్తారేమో" అమ్మ బెంగ.
"నెలకోపాలి సెలవు ఎవుడిత్తాడు? మాత్రలు ఆగిపోతే?"
రాత్రంతా వేళ్ళ కణుపుల మీద లెక్కలు.
నాకూ జవాబు తెలీదు.

ఈఎస్ఐ కార్డొచ్చింది.
దాని ఆసుపత్రి వేరే చోటట,
అవి వేరే మెట్లు.
పైన నా పేరు.
కింద, నా మీద ఆధారపడ్డవాళ్ళ గడిలో,
తామాడ దాలమ్మ, తల్లి.
అమ్మకి చదివి వినిపించాను.
మళ్ళీ చదవమంది.

ఈ నెల సెలవు పెట్టి పాసింజరెక్కాం.
ఆముదాలవలసలో దిగి ఆటో, ఆటో దిగి మెట్లు.
లిఫ్టుకి అట్టముక్క మార్చారు, కొత్తది.
డాక్టరమ్మ ఫైలు తెరవలేదు.
"చెప్పమ్మా, ఎలా ఉంటోంది?"
"రాత్రిళ్ళు గుంటకి..." అమ్మ అందుకుంది.
"ఆమెని చెప్పనివ్వండి."

ఫ్యాను చప్పుడు.
నా మాట గొంతు దాటి బయటికొచ్చేలోపు
వరండాలో ఇద్దరు దగ్గుతారు,
ఒకడు టోకెన్ నంబరు అడుగుతాడు.
డాక్టరమ్మ పెన్ను ఎత్తి అలాగే ఉంచింది.
"మాత్ర... ఏసుకున్నాక... మజ్జాన్నం... నిద్దరొస్తంది.
బద్దల్లో... గుండు... పడిపోతంది."

పదకొండేళ్ళ ఫైల్లో ఈ సంగతి లేదు.

ఓరగా చూశాను.
అమ్మ పెదాలు చప్పుడు లేకుండా
నా మాట వెనకే కదులుతున్నాయి.
చిన్నప్పుడు నా నోట్లో ముద్ద పెడుతూ
తనూ నోరు తెరిచేది,
అచ్చం అలాగే.