అర పట్టీ

గాయత్రీ ఎస్టేట్ అయిదో సందు మలుపున మా మందులంగడి.
పంతొమ్మిదేండ్లుగా నా చేతిలో కత్తెర.
దర్జీ కొడుకును నేను.
మా నాయిన కత్తిరిస్తే గుడ్డ అంగీ అయ్యేది,
నేను కత్తిరిస్తే
ఎవరిదో నెల వారమైపోతాది.

తుగ్గలి అవతలి పల్లె నుంచి
తొలి బస్సుకొస్తాది సుంకులమ్మ.
కొంగుముడి విప్పితే నోట్లతోపాటు
శనక్కాయ పొట్టు రాలుతాది బల్లమీద.
మనవడికి మూర్ఛ.
పెద్దాసుపత్రి కిటికీ కాడ పొద్దెక్కేదాకా నిలబడి
‘స్టాకు రాలేదు, సోమారం రా’ అనిపించుకోని
ఎన్ని సోమారాలు చూసిందో,
కడాకు ఈ సందు పట్టింది.

చీటీ నేను చదవాల్సిన పన్లేదు.
ఆ మందు పేరు డాక్టరు గోడగడియారం మీదుంది,
ఆయన రాసే పెన్ను మీదుంది,
చీటీలు ఎగిరిపోకుండా పెట్టిన గాజుగుండు కడుపులో ఉంది.
గడియారం మాత్రం ఎప్పుడూ పది నిమిషాలు ముందే.

“నెలకెంతప్పా?”
“పన్నెండు నూర్లు.”
“మూడు నూర్లుండాది. ఎన్నొస్తే అన్నియ్యి.”

ఒక పట్టీ.
ఇంకో పట్టీలో సగం. కర్రక్.
పేరూ గడువుతేదీ అచ్చయిన ముక్క
నా సొరుగులోనే ఉండిపోయింది.
పదైదు మాత్తర్లు. దినానికి రెండని చెప్తే
“రాత్రిది ఒగటే ఏస్తాలే, పదైదు దినాలొస్తాయి,
పగలు నేను చూసుకుంటా ఉంటా గదా” అంది.

ఆమెతో చెప్పని మాటొకటుంది.
అడుగరలో, దూది కట్టల వెనక
అదే సాల్టు, అవే మిల్లీగ్రాములు.
అంగీ వేరే.
మాకు పడేది పట్టీ పద్నాలుగు రూపాయలు,
దాని వీపున అచ్చుకొట్టింది నూటపది.
నడిమి తొంభయ్యారు ఎవరిదని
మా ఓనరు నాతో ఎన్నడూ అన్లేదు, నేనూ అడగలేదు.
దసరా బోనసు మాత్రం రెండు చేతులా తీసుకున్నా.
పద్నాలుగు లెక్కన
ఆమె తెచ్చిన మూడు నూర్లలో
మూడున్నర నెలల నిద్రుంది.

ఒకసారి మార్చి ఇచ్చినా, వేరే ఆయనకు.
డాక్టరు ఫోన్లోనే అరిచినాడు:
“నువ్వు చదివింది ఎంత? మూర్ఛ మందు మారిస్తే
పిల్లోడి తలకాయకు నువ్వు జవాబు చెప్తావా?”
అది నిజమో,
నున్నటి రంగు కాగితం మీద అచ్చేసి పంచిన భయమో
పది తప్పిన నాకెట్లా తెలుస్తాది?
ఆ దినం నుంచి చీటీలో ఏముంటే అదే.

రాత్రి పదికి, షట్టరు సగం దించినాక
ప్రహ్లాద్ వంగి లోపలికొచ్చినాడు.
టై మడిచి జోబులో పెట్టుకున్నాడు.
ఆ గడియారం మోసుకొచ్చి మేకు కొట్టించింది ఇతనే.
డాక్టరు ఇంటిల్లిపాదినీ బ్యాంకాకు విమానమెక్కించింది
ఇతని టార్గెట్టే.
“మస్తానన్నా, తమ్మునికి అయిపోయినాయి.
ఆరు పట్టీలియ్యి.”
నేను పై అరకు చెయ్యెత్తినా.
“అది కాదు,” గొంతు తగ్గించినాడు,
“అడుగుది.”

దూది కట్టలు జరుపుతా అడిగినా,
“పన్జేస్తాదా ఇది?”
“ఆరేండ్లాయె. మావోడు ఒక్కసారీ పడలా.”
ఎనభై నాలుగు రూపాయలు సరిగ్గా లెక్కబెట్టి
బల్లమీద పెట్టినాడు. వాళ్ళకు మేము ఆ ధరకే ఇస్తాం.
మొగంలోకి చూడలేదు.
నేనూ చూడలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక
ఆరేండ్లలో ఎన్ని పట్టీలు కోసినానో
లెక్కెయ్యబోయి ఇడ్సిపెట్టినా.

ఈపొద్దు పదారో దినం.
అడుగర సరుకంతా తీసి
గల్లాపెట్టె పక్కన, ఎదురుగ్గా పేర్చినా.
పద్నాలుగని పెన్నుతో రాసినా ఒక్కో పట్టీ మీద,
అదే కంపెనీ పెన్నుతో.
ఓనరు చూసినాడు. ఇంకా ఏమీ అన్లేదు.

తొలి బస్సొచ్చి ఎంతసేపాయెనో.
చీటీలు పట్టుకోని జనం వస్తానే ఉన్నారు.
వాళ్ళ తలకాయల మీదుగా
సందు మొదటికి చూస్తా నిలబడినా,
చేతిలో కత్తెరుందని కూడా మరిచి.