చెక్ ట్రే

మొగల్తూరు దాటాక రోడ్డు సన్నబడింది.
అటూ ఇటూ రొయ్యల చెరువులు, గళ్ళు గళ్ళుగా,
గట్టు పక్కన గట్టు, ఉప్పుటేటి దాకా.
బాబాయికి జ్వరం. ఈ రాత్రి చెరువు నా పూచీ.

ఏసోబు తాడు పట్టి లాగాడు.
చదరపు వల పళ్ళెం నీళ్ళు కారుతూ పైకొచ్చింది:
నాలుగు రొయ్యలు, నానిన మేత పిడికెడు.
టార్చి వేసి మేతని వేలితో కదిపాడు.
"తింటంలేదండి. అడుగున ఏదో తేడా."

ఎకరన్నర చెరువు. మూడు లక్షల పిల్ల.
అతను చూసింది నాలుగింటిని.

నేను చేసేదీ ఇదేనంటే నవ్వుతాడని
కాసేపు చెప్పలేదు.
తర్వాత చెప్పాను.

మేం వెలుగుతో మడులు కడతాం ఏసోబూ.
లేజరు కిరణాలు ఎదురెదురు నిలిపితే
వెలుగున్న చోట గట్టు, చీకటున్న చోట మడి.
మడికో పరమాణువు. ఎంత చలంటే
పుష్యమాసపు మంచు దాని ముందు కొలిమి.
ఒకటి గట్టు దాటితే
ఎక్కడో మూలనున్నది ఉలిక్కిపడుతుంది.
అన్నిటి సంగతీ రాద్దామంటే
ఒక్క మడి పెరిగినప్పుడల్లా కాగితం రెట్టింపు;
మూడొందల మడులకి లోకంలో కాగితం చాలదు.
టార్చి వేద్దామా,
చూడాలనుకున్నదే చెదిరిపోతుంది.

అందుకని ఒక పరాయిదాన్ని దింపుతాం,
అవునునీ కాదునీ ఒకేసారి మోస్తున్నదాన్ని.
కాసేపుంచి లాగుతాం.
మోసుకెళ్ళింది ఎంత మరిచిందో చూస్తాం.
దాని మరుపే మాకు కబురు.

"ఎన్నిసార్లు దింపుతారండి?"
పదివేల సార్లు. ప్రతిసారీ కొత్త చెరువు, కొత్త ట్రే.
"ఆయ్... ఒక్కసారి తీస్తే తెలవదా?"
ఒక్కసారికి అవునో కాదో, అంతే.
"మేత దండగ" అన్నాడు.

మిగిలిన మేత నీళ్ళలో దులిపి
ట్రేని మళ్ళీ జార్చాడు, చప్పుడు కాకుండా.
"నేను తీసినప్పుడల్లా చుట్టుపక్కలయ్యి బెదురుతాయండి.
తాడు కదిలితే వాటికి తెలుస్తాది.
అందుకే రెండు గంటలు ఆగుతాను.
అయ్యి నన్ను మర్చిపోవాలి కదా."

నా లెక్కలో అది ఒక చిన్న పదం.
సున్నాకి దగ్గరని
మూడేళ్ళుగా కొట్టేస్తున్నాను.

కరెంటు పోయింది.
ఏరియేటర్లన్నీ ఒక్కసారే ఆగి
చెరువు చెవులు రిక్కించినట్టయింది.
ఏసోబు జనరేటర్ వైపు పరిగెత్తాడు,
పోతూ తాడు నా చేతికిచ్చి.

లాగలేదు.
అవతలి కొసన ఏదో తగిలింది,
మూడు లక్షలో,
ఒక్కటో.