నలభై నిమిషాల హాల్టు

తెల్లారుజామున నాలుగింటికి
మంచం దిగే మొదటి అడుగు.
పల్లేరుకాయ కాదు, మేకూ కాదు,
మడమలో ఎవరో దాచి మరిచిపోయిన నిప్పు.
గోడ పట్టుకుని
పాదాల అంచుల మీద బాత్రూము దాకా పోతాను.

పన్నెండేళ్లు కావలి డిపోలో.
కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి,
మళ్లీ అవే ఊళ్లు తిరగేసి.
డ్రైవరు కూర్చుని పోతాడు,
జనం కూర్చుంటారు, లేదా స్టేజీ రాగానే దిగిపోతారు.
ఇన్ని ఊళ్లూ నిలబడే తిరిగినదాన్ని నేనొక్కదాన్నే.

నెల్లూరులో ఎక్స్‌రే తీసి
"ఎముక పెరిగిందమ్మా" అన్నాడు డాక్టరు.
జీతం తప్ప అన్నీ పెరిగేవే కదా అనుకున్నాను.
మాత్రలు రాశాడు, మెత్తటి చెప్పులు రాశాడు,
కింద రెస్టు అని రాసి గీత గీశాడు.
అది ఏ మందుల షాపులోనూ దొరకలేదు.

ఉదయగిరిలో బస్సుకు నలభై నిమిషాల హాల్టు.
దుర్గం కొండ కింద
చెక్క గరిటెలు చెక్కే ఇంటి అరుగు మీద మాబున్నమ్మ.
ఆ వీధిలో సగంమంది ఒకప్పుడు
ఆమె చాచిన కాళ్ల మీద బోర్లాపడి
నూనె రాయించుకుని ఏడ్చినవాళ్లే.

"యాడ నొప్పి?" అంది. మడమ చూపించాను.
దానివైపు చూడనే లేదు.
"నడువు."
అరుగు ముందు చెక్కపొట్టు పరిచి ఉంది.
పది అడుగులు వేసి వెనక్కి చూసుకుంటే
కుడి పాదం లోతుగా, ఎడమది పైపైన,
ఇద్దరెవరో మాటల్లేకుండా పక్కపక్కన నడిచినట్టు.

"బస్సులో ఎట్ట నిలబడతావో నిలబడు."
సంచీ ఎడమ భుజాన,
తుంటి సీటు కమ్మీకి ఆనించి,
కుడి మోకాలు గుంజలాగా బిగించి నిలబడ్డాను.
"అదీ! ఒక ఎద్దు లాగతా ఉంటే
రెండోది మేస్తా ఉండాది.
తుంటిలో ముడి, పిక్కలో ముడి.
ఆ తాడు కొసన మడమని కట్టేసినావు.
ఏడ్చేది అది, ఏడిపించేది వేరే."

నువ్వుల నూనె గోరువెచ్చగా.
ఇంకా నునుపు పట్టని గరిటె వీపుతో
పిక్క మీద కింద నుంచి పైకి.
ముడి దగ్గర ఆమె బొటనవేలు దిగింది.
నా కేకకు ఎదురింటి మేక మేత ఆపి చూసింది.
"ఊపిరి బిగబట్టాకు.
ఇది బస్సు కాదు, ఎవరూ తోసుకోరు ఈడ."
వదిలాను.
కొట్టిన టికెట్లన్నీ అక్కడే చుట్టుకుపోయి
ఒక్కొక్కటే ఊడివస్తున్నట్టుంది.

డబ్బు వద్దంది.
కావలిలో ఒక కొట్టుకు గరిటెల మూట చేర్చమంది.
దానికి లగేజీ టికెట్ కొట్టాను,
నా డబ్బుతోనే.

ఇంకా చెప్పింది:
సంచీ భుజం మారుస్తా ఉండమని.
బస్సు ఆగినప్పుడు ఫుట్‌బోర్డు అంచున వేళ్లు ఆనించి
మడమలు నిదానంగా కిందికి దించమని.
"మోకాళ్లు వదులుగా పెట్టుకో.
గుంతని ఆపబోకు, నీలోంచి పోనీ."

దుత్తలూరు దాటాక గుంతలు.
మొదటిరోజు ఊగి ఊగి ఒకాయన ఒళ్లో పడబోయాను.
"ఏందమ్మా, డాన్సు నేరస్తుండావా?" అన్నాడు.
అవునన్నాను, చిల్లర ఇస్తూ.

మూడు నెలలైంది.
నొప్పి పోయిందా అంటే,
పొద్దున ఎక్కుతుంది ఇంకా,
టికెట్ లేకుండానే.
ఇదివరకు ఉదయగిరి దాకా వచ్చేది,
ఇప్పుడు కలిగిరిలో దిగిపోతోంది.

ఇవాళ నాలుగింటికి లేచి
లైటు వేసి, నీళ్లు తాగి,
సంచీలో చిల్లర లెక్కపెట్టుకుంటూ గోడ చూశాను.
మంచం నుంచి బాత్రూము దాకా
నా అరచేతి జిడ్డు మరకలు, వరసగా.
ఇవాళ్టిది లేదు.