రెండో కుర్చీ

కోటు విప్పమంటే విప్పడు.
ప్లమ్‌స్టెడ్‌లో జనవరి. సెలూన్లో హీటరు ఎర్రగా మండుతోంది,
అద్దాలకి ఆవిరి పట్టి వీధి కరిగిపోయింది,
వాడు మాత్రం చలి అంటాడు.
సరేనని కోటు మీదే గుడ్డ కప్పాను.
కుర్చీ పైకి లేపుతుంటే
దాని ఇనుప చేతికి ఏదో తగిలి
టంగ్‌మంది.
చిన్న చప్పుడే.
ఇరవై రెండేళ్లుగా కత్తులతో కాపురం చేస్తున్నవాణ్ణి,
ఆ గొంతు నేను గుర్తుపడతాను.

కిమానీ. పదిహేను నిండలేదు.
మెడ వెనక ఇంకా లేత నూగు.
తల వంచమంటే వంచాడు,
నా కత్తి కింద మెడ పెట్టి కళ్లు మూసుకున్నాడు.
ఎవర్నీ నమ్మక కత్తి పెట్టుకు తిరిగే పిల్లాడు
నన్ను నమ్మాడు.

"ఎవరంటే భయంరా?"
"ఎవరన్నా లేదు."
ఇంకేం అడగలేదు. క్లిప్పర్ నడిపాను.
ఆ రొదలోనైతే పిల్లలు మాట్లాడతారు,
ఎదుటివాడికి సగమే వినబడుతుందని ధైర్యం.

బడికి రెండు బస్సులట.
రెండో బస్సు పై అంతస్తులో ముగ్గురు
నీది ఏ పోస్ట్‌కోడ్ అని అడిగారట.
ఉత్తరాలు దారి తప్పకూడదని పెట్టిన అంకెలు!
కింద కూర్చుంటే పిరికివాడంటారు,
పైన కూర్చుంటే దిగనివ్వరు,
నడిచి వెళితే ఆలస్యం,
మూడు ఆలస్యాలైతే ఇంటికి చీటీ.
"చూపించడానికే అంకుల్. వాడను."

చూపించడానికే.
ఈ మాట ముందూ విన్నాను,
కోర్టులో, వెనక బెంచీ మీద కూర్చుని.
అన్నవాడు ఎల్డన్. ఈ రెండో కుర్చీలోనే కూర్చునేవాడు.
పోయిన రషార్డూ ఇందులోనే.
ఒకడు మంగళవారం, ఒకడు శుక్రవారం,
ఇద్దరికీ ఒకటే దువ్వెన.
రషార్డ్‌కి చివరి క్రాపూ నేనే చేశాను,
వాళ్లమ్మ లోర్నా ఫోన్లో ఫొటో చూపిస్తూ
"ఇదిగో, పుట్టినరోజు నాటిలా" అంటుంటే.
కాస్త ఇటు తిరుగు నాన్నా, అనబోయి
నేనే తిప్పాను.
ఎంత బరువో ఆ తల.

ఆ కత్తి ఉల్లిపాయలు తరిగేది.
ఎల్డన్ వాళ్లమ్మ రెండు రోజులు సొరుగంతా వెతుక్కుందట.
ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు పెద్దలు.
మా వీధి కత్తులకి అసలు ఒరలే లేవు,
ఫుట్‌బాల్ మేజోళ్లలో చుట్టుకుని పడుకుంటాయి.

తర్వాత అందరూ వచ్చారు.
కౌన్సిల్ వాళ్లు నా గోడకి పోస్టరు అంటించారు.
చర్చి ముందు ఇనప డబ్బా పెట్టారు, కత్తులు పడేయమని.
పోలీసులు నా గుమ్మం ముందే పిల్లల్ని నిలబెట్టి
జేబులు తడుముతారు,
నేను చేసిన కొత్త క్రాపు వానకి తడుస్తూ ఉంటుంది.
తప్పంటానా? అనను.
ఒక్క కత్తి దొరికినా ఆ రాత్రికి ఒక తల్లి నిద్రపోతుంది.
కానీ ఆ బస్సు ఎవరి జేబులో దొరుకుతుంది?
తాళం పడ్డ యూత్ క్లబ్బు?
దాని టేబుల్ టెన్నిస్ బల్ల మీద
ఇప్పుడు మూల దుకాణంవాడు టమాటాలు పరుస్తాడు.

క్రాపు అయింది. వెనక అద్దం పట్టాను.
బాగుందన్నాడు.
"అది ఇక్కడ పెట్టి వెళ్లు" అన్నాను.
"మరి సోమవారం?" అన్నాడు.
నా దగ్గర జవాబు లేదు.

ఏప్రాన్ విప్పకుండా వాడితో బస్సెక్కాను.
అమ్మమ్మ ఇంటికీ అదే బస్సు.
పై అంతస్తు, ముందు సీటు,
నా భుజాల మీద వాడి వెంట్రుకలు.
మూడో స్టాపులో ముగ్గురు ఎక్కారు.
ముందున్నవాడు నన్ను చూసి ఆగాడు.
"హలో అంకుల్" అని తల దించుకున్నాడు.
వాడి చెవి పక్క గీత నేను దిద్దిందే.
వాడి కోటూ ఒక పక్కకి
బరువుగా వేలాడుతోంది.

తిరిగొచ్చేసరికి ఇద్దరు కస్టమర్లు సణుగుతున్నారు,
నలభై నిమిషాలయింది, ఎక్కడికి పోయావని.
క్షమించమని గుడ్డ దులిపాను.
సోమవారం ఎనిమిదింటి బస్సుకి
మీలో ఎవరు ఖాళీ
అని అడిగాను.
వాళ్లు తమాషా అనుకున్నారు.