ముప్పై ఒకటి

బరంపురంలో వాన ఆగిన మధ్యాహ్నం.
పీతాబాస్ పంజరాలు కడుగుతూ
చిట్టెలుకల్ని ఒడియాలో బుజ్జగిస్తాడు.
నన్ను చూసి మాత్రం అవి తెలుగులో భయపడతాయి.

పదహారు వారాలు
సగం వాటికి మామూలు గింజల మేత,
సగం వాటికి వెన్న వాసన కొట్టే పసుపు బిళ్ళలు.
బిళ్ళలు తిన్నవి నిగనిగలాడాయి.
"కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి అపా" అని
మురిసిపోయాడు పీతాబాస్.
నేనేమీ అనలేదు.
నెత్తుటి గొట్టంలో పైకి తేలిన మీగడ
వాడు చూడలేదు.

చిట్టెలుక తొడ ఎముక
అగ్గిపుల్లలో సగం కూడా ఉండదు.
కోసి, రంగేసి, గాజుపలక మీద పరిచి
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే
నా చేతులు మా నాన్నవైపోయాయి.
మగ్గం దించిన పట్టుని ఆయన
బేరగాడికంటే ముందు ఎండకి చూపేవాడు.
"రంగు అబద్ధమాడతాదే, ఎండ ఆడదు."

ఇక్కడ పడుగు పలచబడింది.
పేక ఎక్కడికక్కడ తెగింది.
పోగు ఉండాల్సిన చోట
తెల్లటి గుండ్రటి ఖాళీలు,
కొవ్వు కాపురమున్న గుర్తులు,
అద్దెకొచ్చి ఇల్లు రాయించుకున్నట్టు.

ఎముకా కొవ్వూ ఒక్క తల్లి కణం బిడ్డలేనట.
మజ్జలో కూర్చుని ఆ తల్లి
ఎవర్ని కనాలో ఎలా తేల్చుకుంటుందో!
మా వీధి పిల్లలు ఏ గుమ్మం దగ్గర
ఏ భాష ఎత్తుకుంటారో, అలాగా?
కాదులే.
పోలిక బాగుందని నిజమైపోదు.

ఇంతకీ ముప్పై ఒకటి.
అన్ని వారాలూ పసుపు బిళ్ళలే,
నెత్తురంతా మీగడే,
ఎముక చూస్తే మాత్రం
నాన్న నేసే పెళ్ళిచీర అంచులా
ఒత్తుగా, ఒక్క పోగు పోకుండా.

"మేత మారిపోయుంటుంది" అన్నారు గైడు.
"తీసేయ్. గీత సాఫీగా వస్తుంది."

పీతాబాస్‌ని అడిగాను.
తడిచేతులు చొక్కాకి తుడుచుకుని
నోటుపుస్తకం తెచ్చాడు.
ఒడియా అంకెలు, పూటకో గీత,
ఒక్క పూటా తప్పలేదు.
అట్టమీద పెన్సిలుతో:
ముప్పై ఒకటి బాగా తింటుంది. కొరుకుతుంది.

నా బొటనవేలి మీద ఆ గాటు ఇంకా ఉంది.

రాత్రి పట్టికలో ఆ వరుస దగ్గర
కర్సరు చాలాసేపు వెలిగి, ఆరి, వెలిగింది.
ముట్టుకోలేదు.
గీతకి దూరంగా, పైన,
ఒంటరి చుక్కని అలాగే ఉంచాను.