టేర్ అంటే ఏమక్కా

రాత్రి తొమ్మిదిన్నరకి గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు ఆపుతారు,
అర్ధగంట.
సంగటి టిఫిన్ల మూతలు తెరిచేలోగా
వసంత ఫోను ఉప్పు డబ్బాకి ఆనించేస్తుంది.
పదకొండు మందిమి. ఒకటే తెర.
చేతులనిండా తోతాపురి సొన.

తెరమీద మా మునికుమారి.
అద్దాల ఇల్లు, ఎర్ర సోఫా.
ఓవెన్ ముందర గొంతుక్కూర్చోని
"ఇందులో బట్టలేస్తే ఎంతసేపటికి ఉతుకుతుందన్నా?"
అంటా ఉండాది.
ఇల్లు ఇల్లంతా పొట్ట పట్టుకోని నవ్వింది.
కింద గుండె బొమ్మల లెక్క,
కాటా మీదికి లోడు లారీ ఎక్కినట్టు
ఒక్క దూకు దూకింది.

మొదటి రోజు వీడియోలో దాన్ని
ఎనుము పక్కన నిలబెట్టి చూపించినారు.
వాళ్ళింట్లో ఎనుము లేదు.
కట్టమంచిలో రెండు గదుల బాడుగిల్లు.
ఎనుము పక్కీధోళ్ళది.

ఇదే పిల్ల
మూడు సీజన్లు మా కాటా గదిలో కూర్చున్నది.
శ్రీనివాసపురం డ్రైవర్లతో కన్నడం,
కృష్ణగిరోళ్ళతో తమిళం,
మేనేజరుతో కావలసినంత ఇంగ్లీషు.
గడ్డి తడిపి తూకం పెంచిన దామలచెరువు బండిని
చక్రాల కింద నీళ్ళు చూసి పట్టిన పిల్ల.
ల్యాబ్ సారు సెలవు పెట్టిన నాడు
గాజు మీద ఒక బొట్టు రసమేసి, ఒక కన్ను మూసి,
"బ్రిక్స్ పద్నాలుగు, దించుకోండి" అన్న పిల్ల.

"నటనే అది" అనింది వసంత.
"కాదులే, మనిండ్లల్లో ఓవెన్ యాడుండాది?" దిల్షాద్.
"నాకు విమానం లేదు మే.
దాంట్లో గుడ్డలుతకరని నాకు తెలీదా?"

రెడ్డెమ్మత్త వేలికంటిన ఊరిబిండి నాకుతా అనింది:
"తెలిసినోళ్ళకి పని చెప్తారే లోకంలో.
తెలీనోళ్ళని ముద్దు చేస్తారు.
బిడ్డకి ముద్దు కావల్సొచ్చింది, పోనీండి."

నేను మాట్లాడలేదు.
పోయినేడు లేబర్ ఆఫీసరొచ్చి
"ఓవర్‌టైమ్ ఎన్ని గంటలమ్మా?" అంటే
"సదువు రాదు సార్, గడియారం చూడ్డం తెలీదు" అని
కొంగు వేలికి చుట్టుకున్నది నేనే.
గంటలన్నీ నా రవికలో ఉన్నాయి,
బస్సు టికెట్ల వెనక, తేదీలతో సహా.
ఆయన జాలిగా నవ్వినాడు.
మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు.
నా పని నాకు మిగిలింది.
నాకెవరూ ఓటెయ్యలేదు, అంతే తేడా.

ఆరో వారం ఆటలో
బుట్టెడు మామిడికాయలు తెచ్చి బల్ల మీద పెట్టినారు.
చేత్తో చూసి బరువు చెప్పాల.
యాంకరు ముందే నవ్వడం మొదలుపెట్టినాడు.
మునికుమారి బుట్ట కింద చెయ్యి పెట్టింది.
సరిగ్గా ఎత్తను కూడా లేదు, ఊరికే అట్ల
మణికట్టు రవంత దించి, నిలిపి.
మాకందరికీ తెలుసు ఆ నిలపడం.
పదకొండు కిలోలు. బుట్ట తీసేస్తే పదిన్నర.
వేళ్ళు చెప్పేసినాయి.
నోరు మాత్రం, ఒక్క ఊపిరి ఆలస్యంగా,
"యాభై కిలోలుంటాదా అన్నా?" అనింది.

తెరలో నవ్వు.
మా షెడ్డులో ఒక్కరూ నవ్వలేదు.
వసంత లేచి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోని వచ్చి,
ఫోను తీసి
ఓటేసింది.

బయట హారన్. బంగారుపాళెం లోడు.
కాటా గదిలో కొత్త పిల్ల,
ఈ సీజనుకే వచ్చింది, పాకాల పక్కన ఊరు, ఇంటర్ అయిందంట.
రసీదు పుస్తకం గుండెకానించుకోని అడిగింది:
"అక్కా, టేర్ అంటే ఏమక్కా?"

నిన్న చెప్పినాను.
మొన్న కూడా చెప్పినట్టు గుర్తు.
ట్యూబులైటు కింద దాని మొగం చూసినాను.
కండ్లు ఇంతింత చేసుకోని నిలబడి ఉండాది.

ఖాళీ బండి బరువు పాపా, అన్నాను.
మొత్తంలోంచి అది తీసేస్తే
సరుకెంతో తెలుస్తుంది.

"అబ్బో!" అనింది.
పెన్ను దాని చేతికిచ్చి
స్టూలు లాక్కోని పక్కనే కూర్చున్నాను,
సంగటి సగంలో వదిలేసి.