తీసివేత కుడి నుంచి

చిత్తూరు బెల్లం మండీ వెనక
ఇరుకు మెట్లెక్కితే మా ఆఫీసు.
కిటికీ తెరిస్తే బెల్లం వాసన, మూస్తే ఉక్క.
ఇక్కడ కూచుని పంతొమ్మిదేళ్లుగా
ఒక చిన్న భాషకు కాపలా కాస్తున్నాను.

చెంగల్రాయులు సారు రాసిన భాష.
ఆయన పేరేమీ పెట్టలేదు, మండీలో అందరూ 'లెక్క' అంటారు.
బరువు, ధర, హమాలీ, తరుగు
అన్నీ కలిపి గుమాస్తా ఒక వరుస కొడతాడు.
అది ఆ వరుసను కణుపు కణుపుగా విరిచి
ఏది ముందు ఏది తర్వాత తేల్చుకుని
చివరికి ఒక్క అంకె చేతిలో పెడుతుంది,
బండెడు చెరుకు నలిగి ఒక దిమ్మె మిగిలినట్టు.
విలువ కట్టడం అంటాం మా పనిలో.
కింద కాటా దగ్గరా అదే మాట.

చేరిన ఏడాది నాకు పాఠం చెప్పింది ఒక కామా.
గుమాస్తా లక్ష రూపాయలు కొట్టాడు, రెండు కామాలతో, పద్ధతిగా.
లెక్క దాన్ని ఒకటి, సున్నా, సున్నా అని
ముగ్గురు మనుషుల్లా విడదీసింది.
రైతు చీటీలో ఒక్క రూపాయి.
ఆయన నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఇంకోసారి బంద్. బస్తా కూడా రాలేదు.
అయినా ఎవరో సగటు ధర అడిగారు.
సున్నాతో భాగించలేక మిషను బిగుసుకుపోయింది.
ఇప్పుడైతే "సరుకు లేదు" అంటుంది.
ఆ రెండు మాటలకు నాకో రాత్రి పట్టింది.

కానీ తీసివేత జోలికి మాత్రం పోలేదు.
నూరులోంచి గోనెకు రెండు, తరుగుకు ఒకటి పోతే
తొంభై ఏడు. బడికి పోని వాళ్లైనా చెబుతారు.
లెక్క తొంభై తొమ్మిది అంటుంది.
అది కుడి నుంచి మొదలుపెడుతుంది:
రెండులో ఒకటి తీసి
మిగిలిన ఆ ఒకటినే నూరులోంచి తీస్తుంది.

కొత్తగా చేరిన తస్లీమా మొదటి వారమే పట్టేసింది.
"అక్కా, ఇది తప్పు కదా?"
తప్పే. పది నిమిషాల్లో తిప్పేయొచ్చు.
తిప్పి, పాత చీటీలన్నీ మళ్లీ నడిపించాం.
నలభై వేలల్లో పదకొండు వేలు మారిపోయాయి.
పెనుమూరువి, యాదమరివి, గంగాధర నెల్లూరువి.
కొందరు గుమాస్తాలకు ఇది ఎప్పుడో తెలుసు:
నోరెత్తకుండా బ్రాకెట్లు వేసుకున్నారు.
ఇంకొందరు రెండో తీసివేతను కూడికగా మార్చి
తప్పుతోనే ఒప్పు రాబట్టుకున్నారు.
నేను దిద్దితే
ఇన్నాళ్లూ సరిగ్గా ఉన్న వాళ్ల చీటీలు తప్పుతాయి.

ఫైలు అడుగున, ఏ పనీ చేయని ఒక వరుస,
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు:
"తెలుసు. ఉండనీ."

పలమనేరుకు ఫోన్ చేశాను. సారుకు చెవులు సరిగా వినపడవు.
మూడుసార్లు అరిచాక అన్నాడు:
"ఆ కాలంలో కాటా రెండు కిలోలు తక్కువ తూగతా ఉండె మ్మా.
కాటాను నేనేడ మార్చేది?"
మరి రాసేటప్పుడే తెలుసా సార్?
"రాసేటప్పుడు తెలీదు. తెలిసినాక ఉండనిచ్చినా."
నిజమో, నేను అడిగాక అల్లుకున్నాడో.
కాటాలన్నీ ఎలక్ట్రానిక్ అయి పన్నెండేళ్లు.
అడగడానికి ఆ పాత కాటా లేదు.

చివరికి చేసింది ఇంతే.
ప్రతి కొత్త చీటీకి పైన ఒక మాట: 'ఎడమ'.
ఆ మాట ఉంటే ఎడమ నుంచి తీస్తుంది.
లేకపోతే పాత చీటీ అనుకుని
పాత దారినే నడుస్తుంది, కుడి నుంచి.
ఒకే గొంతులో రెండు యాసలు.
సారు వరుసను చెరపలేదు.

ఇంతలో కింద నుంచి గుమాస్తా పొన్నుస్వామి కేక:
"అక్కా, శాతం గుర్తు కావాలంట సేట్లకు!
నూరులోంచి గోనెకు రెండు, ఆ పైన రెండు శాతం!"
దేంట్లో రెండు శాతం?
నూరులోనా, తొంభై ఎనిమిదిలోనా?
తస్లీమా నా వైపు చూసింది.
నేను కిటికీ వైపు చూశాను.
తను పెన్సిల్ తీసి
పాత చీటీ వెనక గీయడం మొదలుపెట్టింది.